అగ్గిపెట్టెంత కీర్తనలు, బస్సెడు గోల

మొన్న జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు వచ్చే బస్సును ఒక్క మాటతో ఖాళీ చేయించిన ఘనత నాది. నవ్వకండి! చేతిలో కత్తి లేదు, వెనక పార్టీ లేదు. ఒళ్లో ఉన్నదల్లా ఒక కీర్తనల పుస్తకం. అదీ అగ్గిపెట్టెంతది.

నా పిచ్చి మీకు తెలియనిది కాదు. అరచేతిలో ఇమిడే పాత భక్తిపద్యాల పుస్తకం ఎవరింట్లో ఉందని విన్నా వెంటనే చెప్పులు వేసుకుంటాను. అయితే చెప్పినదల్లా నమ్మే రకాన్ని కాను. కాగితం చూస్తాను, కుట్టు చూస్తాను, అచ్చు చూస్తాను. ఆధారం లేనిదే దేన్నీ ఒప్పుకోను. జమ్మలమడుగులో రిటైరైన టీచరు సువార్తమ్మగారి పుస్తకం ఈ పరీక్షలన్నీ నెగ్గింది. మిషను దొరల కాలపు అచ్చు. వాళ్ల అవ్వకు బాప్తిస్మంనాడు ఇచ్చినదట. భూతద్దం పెడితేగానీ అక్షరం కనపడదు; కనపడితే మాత్రం ముత్యమే!

"తీసకపోయి రాసుకోప్పా. భద్రంగా తిరిగి తెస్తే, నీకే ఇచ్చేది ఆలోచిస్తా. నా తర్వాత దీన్ని చూసేవాళ్లు యాడుండారు?" అన్నారామె. మా ఇంటి అలమరలో దానికి అప్పుడే మనసులో చోటు చూసేశాను. "అంగీ జేబులో పెట్టుకో, సాలు."

"జేబులోనా! చెమట తగిలితే ఈ కాగితం ఏమవుతుందో తెలుసా టీచరమ్మా?" అని పాత పుస్తకాల సంరక్షణ మీద చిన్న ఉపన్యాసమిచ్చాను. తర్వాత పక్క వీధి వడ్రంగి దగ్గర రంపపుపొట్టు అడిగి తెచ్చి, గుండ్రటి రేకుడబ్బాలో పోసి, గుడ్డ చుట్టిన పుస్తకాన్ని నడిమధ్యన కూర్చోబెట్టి, మూత మీదుగా పురికొసతో అడ్డంగా, నిలువుగా బిగించాను. టీచరమ్మ "ఏందప్పా ఇది..." అని డబ్బా చుట్టూ ఒకసారి తిరిగి చూశారు. మెచ్చుకుంటున్నారని అనుకున్నాను.

ఎన్నికల రోజులు. బస్సు కిక్కిరిసి ఉంది. పక్కన కూర్చున్న పులివెందుల పెద్దాయన నా డబ్బా మీద తన సంచి ఆనించబోయాడు.

"వద్దు మామా! కుదుపు తగిలితే అంతే సంగతులు. శానా పాతది, ఎప్పుడేమవుతుందో చెప్పలేం."

ఆయన డబ్బా అంచున రాలిన పొట్టు కేసి చూశాడు. "లోపల రంపప్పొట్టు పోసినావా?"

"పొయ్యకపోతే ప్రమాదం కదా!"

ఆయన లేచాడు. ఎంత మర్యాదగా లేచాడనుకున్నారు! తర్వాత ఒకటే కేక: "డ్రైవరూ, బండి ఆపప్పా! ఈడ బాంబుండాది!"

నేనూ అందరిలాగే బాంబు కోసం సీటు కింద వెతికాను. తలెత్తేసరికి జనం కిటికీల్లోంచి కూడా దిగుతున్నారు. బస్సులో మిగిలింది నేనూ, నా డబ్బా! ముందరే చెక్‌పోస్టు. ఎస్సై పరుగెత్తుకొచ్చాడు.

"ఏ పార్టీ నువ్వు?"

"పార్టీ కాదు సార్, కీర్తనలు."

"ఎవరి మీద?"

"దేవుడి మీద సార్!"

ఆయన దాన్ని కూడా బెదిరింపు కిందే తీసుకున్నాడు. ఇద్దరు పోలీసులు పొడుగాటి కర్రతో డబ్బాను ఎత్తి, నీళ్ల బకెట్ దగ్గరకు నడిచారు.

"నీళ్లు వద్దు సార్! తడిస్తే నాశనమైపోతుంది!"

"నాశనం కావాలనే కదప్పా ముంచుతాండేది!"

బకెట్లో బుడగలు వస్తుంటే అప్పుడు వెలిగింది నాకు. మన ప్రాంతపు ఫ్యాక్షన్ చరిత్ర మీద గంటసేపు మాట్లాడగలవాణ్ణి. నాటుబాంబును ఎట్లా చుడతారో, కుదుపు తగలకుండా పొట్టులో ఎట్లా తరలిస్తారో ఎందరికో వివరించినవాణ్ణి. ఆ పద్ధతినే, ఒక్క ముడి కూడా తప్పకుండా, పాటించాను.

మూత తీసి చూశాక ఎస్సై చాలాసేపు నవ్వాడు. పుస్తకం నీళ్లు కారుతోంది.

అద్దుడు కాగితాల మధ్య పేజీ పేజీ ఆరబెట్టాను. పాతకాలపు కాగితం మహా గట్టిది. చిరగలేదు, అక్షరం చెదరలేదు. కాకపోతే ఉబ్బింది. అట్టలు రెండూ చెరో దిక్కుకు తిరిగాయి.

తిరిగి జమ్మలమడుగు తీసుకెళ్లి చేతికిస్తే, టీచరమ్మ కళ్లద్దాల పైనుంచి చూశారు. "శానా బాగా మేపినావప్పా. పిల్ల బొద్దుగా అయ్యిండాది." అని, పుస్తకాన్ని నా అంగీ జేబులో పెట్టబోయారు. పట్టలేదు. ఇంకోసారి నెట్టారు. పట్టలేదు.

"సూడు. ఆ పొద్దు పట్టేది." దాన్ని తన పెట్టెలో పెట్టి తాళం వేసుకున్నారు. "ఆలోచిస్తానంటి కదా? ఆలోచించినా."

రేకుడబ్బా మాత్రం మా ఇంట్లోనే ఉంది. ఖాళీదే అని ఎంత చెప్పినా మా ఆవిడ ముట్టుకోవడం లేదు. ఆధారం చూపించమంటోంది.