చప్పుడున్న షెడ్డుకే

అమెరికాలో కార్ల కంపెనీలు మునిగిపోతున్నాయన్న వార్త మా ఇంటికి ఒక ఆదివారం మధ్యాహ్నం, మటన్ కూర తినే వేళకు వచ్చింది. రెండువేల ఎనిమిది ముగియబోతోంది. చర్చి అయ్యాక మా మేనమామ భోజనానికి వచ్చి ఉన్నాడు. టీవీలో కోట్లు తొడుక్కున్న కార్ల కంపెనీల పెద్దలు వరుసగా కూర్చుని ఉంటే, అక్కడి నాయకులు వాళ్ళను నిలదీస్తున్నారు. సర్కారు సొమ్ము మీకెందుకివ్వాలి, ఇస్తే ఏం చేస్తారు అని. నేను అప్పుడు బీకాం చదువుతున్నాను. నాకు అర్థమైంది కొంతే అయినా, మా వాళ్ళకు మాత్రం అంతా అర్థమైనట్టే చెప్పాను.

"సూసినవా బావా?" అన్నాడు మామ. "అంత పెద్ద అమెరికోడే కార్ల సేట్లకు మదద్ చేద్దామా అని కూసున్నడు. మన సాంచలకు చేస్తే వీళ్ళదేం పోతది? అడగందే అమ్మయినా పెట్టదు. మనం అడగాలె."

సాంచ అంటే మా భాషలో మరమగ్గం, మదద్ అంటే సాయం. మామకు నిజాంపురాలో ఒక షెడ్డు నిండా సాంచలుండేవి. వాటిని నడిపే పనివాళ్ళలో మా నాన్న ఒకడు. మామను ఊరి నుంచి ముంబై పక్కనున్న ఈ భివండికి తీసుకొచ్చి, తెగిన పోగు ముడివేయడం నేర్పింది నాన్నే. నేర్చుకున్నవాడు సేటయ్యాడు, నేర్పినవాడు సాంచ దగ్గరే ఉండిపోయాడు. నాన్నకు ఆ బాధ లేదని అందరూ అనేవారు. నాకు మాత్రం కడుపు నిండా ఉండేది.

"అత్త సొమ్ము అల్లుడు దానం జేసినట్టు, ఇచ్చేటోనిదేం పోతది," అన్నాడు నాన్న. "గని నాకొకటి చెప్పు. ఆ పైసలు కార్లు జేసేటోళ్ళకు ముడతయా, కార్ల సేట్లకు ముడతయా?"

"సేటు బతికితేనే గద బావా పనోడు బతికేది?"

"సేటు బతికి పనోడు సచ్చింది గూడ సూసినం."

అమ్మది కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఒకడు తోడబుట్టినవాడు, ఒకడు కట్టుకున్నవాడు. ఇద్దరి కంచాల్లోనూ సమంగా ముక్కలు వేసి, "అమెరికోళ్ళ లొల్లి మనకెందుకు, తినుండ్రి ముందు," అని టీవీ కట్టేసింది.

కానీ ఆ లొల్లి మాదే అయింది. నూలు ధర పెరిగి, కరెంటు బిల్లు పెరిగి, నేసిన గుడ్డ కొనేవాడు లేక ఆ ఏడు మా గల్లీలో ఒక్కో షెడ్డుకూ తాళం పడుతూ వచ్చింది. అంజూర్ ఫాటా వైపు మాత్రం రోజుకో గోడౌను లేస్తోంది. షెడ్డు జాగాను గోడౌనుకు అమ్ముకున్న సేటుకు దారి ఉంది. యాభై దాటి, చెవులు సగం పోయి, సాంచ తప్ప మరో పని ఎరగని మా నాన్నకు ఏ దారీ లేదు. మామ షెడ్డు ఆగిందంటే మా ఇంట్లో పొయ్యి ఆగినట్టే. ఈ సంగతి మా ఇంట్లో ఎవరూ పైకి అనేవారు కాదు, అందరం అదే తలచుకుంటూ తిరిగేవాళ్ళం.

సేట్లంతా కలిసి ఒక సభ పెట్టుకున్నారు. ముంబై నుంచి ఒక నాయకుడు వచ్చి గోడు వింటాడట. మామ వచ్చి నాన్నను మాట్లాడమన్నాడు.

"మేమడిగితే ఆశ అంటరు బావా. నువ్వడిగితే ఆకలి అంటరు."

నాన్న ఒక్కటే అడిగాడు. "మదద్ వస్తే షెడ్డు నడుస్తది గద?"

"వస్తే ఎందుకు నడవది?" అన్నాడు మామ. నాన్న సరేనన్నాడు. ఆ వారమంతా స్నానం చేస్తూ కూడా హిందీలో ఉపన్యాసం సాధన చేశాడు. ఉమ్మడి బాత్రూం బయట క్యూలో నిలబడ్డ పొరుగింటివాళ్ళకు అది కంఠతా వచ్చేసింది.

సాంచల దగ్గర పనిచేసినవాళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. ఆ చప్పుడులో మాట వినపడదు. అందుకని గొంతు వాడకుండా, పెదవులు బాగా కదిపి మాట్లాడుకుంటారు. అవతలి సాంచ దగ్గరున్నవాడు చూసి జవాబిస్తాడు. పెళ్ళికి ముందు అదే పనిలో ఉన్న అమ్మకూ ఇది వచ్చు, చిన్నప్పటి నుంచి షెడ్డుకు టిఫిన్ డబ్బా మోసిన నాకూ వచ్చు. చుట్టాలొస్తే వంటింటి గుమ్మంలోంచి 'అన్నం సరిపోదు, నువ్వు తక్కువ తిను' అని అమ్మ నాన్నకు అలాగే చెప్పేది. చర్చిలో ప్రార్థన మరీ పొడుగైతే సాంచలవాళ్ళు కళ్ళు తెరిచి, చప్పుడు లేకుండా ముచ్చట్లు పెట్టుకునేవారు.

సభ ఒక పెళ్ళిళ్ళ హాలులో జరిగింది. ముందు కుర్చీల్లో సేట్లు, వెనక నిలబడి సాంచలవాళ్ళు, ఒక పక్క ఆడవాళ్ళు. మాట్లాడాల్సినవాడు కాబట్టి నాన్నకు ముందు వరుసలోనే చోటిచ్చారు, పక్కన నేను. స్టేజీ మీద ఒక పెద్ద సేటు మైకు పట్టుకుని అమెరికా, కార్లు, మదద్ అని అరుస్తున్నాడు. లౌడ్ స్పీకర్ హోరుకు చెవులు దిబ్బళ్ళు పడుతున్నాయి. స్టేజీకి ఒక మూల మామ ఇంకెవరితోనో మాట్లాడుతూ కనిపించాడు. ఆ మనిషిని నేనెరుగుదును. అంజూర్ ఫాటా గోడౌన్ల దళారి.

సేటయినా మామ ఒకప్పుడు సాంచ నడిపినవాడే. చుట్టూ హోరుంటే పెదవులు అలవాటుగా విప్పారతాయి. నేను చూస్తుండగానే ఆ పెదవులు హిందీలో అన్నాయి. "మదద్ మిల్నే దో. ఫిర్ సాంచా నికాల్తా, జగా తేరీ." మదద్ చేతికి రానీ, తర్వాత సాంచలు పీకేస్తా, జాగా నీదే.

నాన్న వైపు తిరిగాను. ఆయనా చూశాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మా నాన్న ఆకలిని అడ్డం పెట్టి సొమ్ము తెచ్చుకుని, ఆ ఆకలి మీదే గోడౌను కడతాడా? లేవబోయాను. నాన్న నా మణికట్టు పట్టుకున్నాడు.

"కూసో," అన్నాయి ఆయన పెదవులు. "మీ అమ్మ తమ్ముడాడు."

అంతలో నాన్నను పిలిచారు. ఆయన మెట్లెక్కుతుంటే నాకు రెండు భయాలు. నేర్చుకున్న ఉపన్యాసం చెబుతాడేమోనని భయం. చెప్పకపోతే ఏమవుతుందోనని ఇంకో భయం.

నాన్న మైకు ముందు నిలబడి, నాయకుడి వైపు కాకుండా మామ వైపు తిరిగాడు. పెదవులు కదిలాయి. మైకులోంచి ఏమీ రాలేదు.

"షెడ్డు ఇచ్చేసినవా?"

ఎవడో కుర్రవాడు పరుగున వచ్చి మైకు తట్టి, హలో హలో అని వైర్లు లాగాడు. ముందు వరుసల్లోని సేట్లు చిరాకుగా కరెంటును తిట్టుకున్నారు. వెనక మాత్రం గుసగుస ఆగిపోయింది. అక్కడున్నవాళ్ళందరికీ మా నాన్న మాట వినపడింది.

మామ మొహం పక్కకు తిప్పుకోవచ్చు. తిప్పుకోలేదు, అంతవరకు మెచ్చుకోవాలి. "మునిగిపోయిన బావా," అన్నాయి ఆయన పెదవులు. "ఏం జెయ్యమంటవు?"

"నాకు చెప్పకపోతివి."

నాన్న నాయకుడి వైపు తిరిగాడు. ఈసారి వచ్చిన గొంతుకు మైకు అవసరం లేదు.

"సాబ్, మదద్ హోనా. లేకిన్ సేట్ కా మూ దేఖ్‌కే మత్ దో. జిస్ షెడ్ మే ఆవాజ్ హై, ఉసీకో దో. ఆవాజ్ బంద్, పైసా బంద్."

సేటు మొహం చూసి కాదు, చప్పుడున్న షెడ్డు చూసి ఇవ్వండి, చప్పుడు ఆగిన రోజు డబ్బూ ఆపండి అని. వెనక నుంచి ఈలలు, అరుపులు. ముందు వరుసలో కుర్చీలు ఒరుసుకున్నాయి. వీణ్ణెవడు పిలిచాడని ఒక సేటు లేచి అరిచాడు. నాయకుడు అందరికీ సమంగా తల ఊపాడు. ఆ మాటను ఆయన పట్టించుకున్నాడో లేదో నాకు తెలియదు. మా సంగతి మాత్రం అక్కడే తేలిపోయింది. మదద్ వచ్చేదాకానైనా మామ నడుపుదామనుకున్న షెడ్డు అది. సాంచలు పీకే సంగతి ఇంతమంది ఎదుట బయటపడ్డాక ఆ మదద్ దక్కదు, అలాంటప్పుడు మామ ఇంక ఒక్క రోజు కూడా ఎందుకు నడుపుతాడు? స్టేజీ ఎక్కేటప్పటికే నాన్నకు ఇది తెలుసు.

బయటికి వచ్చి గేటు పక్కన నిలబడ్డాం. సాంచలవాళ్ళు కొందరు వచ్చి నాన్న భుజం తట్టి వెళ్ళారు. ఆడవాళ్ళ వైపు నుంచి అమ్మ వచ్చింది. ఆమె కూడా అంతా చూసిందని మొహమే చెబుతోంది. మా వెనకే మామ కూడా వచ్చి, దగ్గరికి రాలేక, వెళ్ళిపోలేక, చెప్పులు తొడుక్కుంటూ ఆగిపోయాడు.

"రేపు పనికి పోతవా?" అంది అమ్మ.

హాలంతా అదిరిపోయేలా మాట్లాడి వచ్చిన మనిషి ఇప్పుడు గొంతు ఎత్తలేదు. పెదవులే కదిలాయి.

"పోను."

అమ్మ ఒకసారి తమ్ముడి వైపు చూసింది. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి.

"పోకు," అంది, మామకు వినపడేంత గట్టిగా.