కరక్కాయ నీళ్లలో దోషం లేదు

ఏళ్లుగా మోస్తున్నాను. ఇంక నా వల్ల కాదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. మా పిన్ని కూతురు విజయ తనకిష్టమైన పని వదిలేయడానికి కారణం నేను.

నేను రాయపూర్‌లో ఇళ్లు కట్టించే చిన్న ఠేకేదారుని. విజయ ఇళ్ల నిర్మాణం చదువుకుంది. కరక్కాయలూ బెల్లమూ నానబెట్టి, ఆ పులిసిన నీళ్లతో సున్నం కలిపి, సిమెంటు లేకుండా గోడలు పూయాలని దానికి ఒకటే పిచ్చి. బీర్‌గావ్‌లో మా బావ కొత్తిల్లు దాని మొదటి పని. బావని ఒప్పించింది నేనే. డ్రమ్ములో నీళ్లు కంపు కొడుతుంటే ముక్కు మూసుకుని తిట్టుకున్నదీ నేనే.

మొదటి పూత బాగానే పడింది. ఇంతలో వానలు పట్టుకున్నాయి. సున్నం ఆరదు. గృహప్రవేశం చూస్తే దగ్గరికొచ్చేసింది; శ్రీకాకుళం చుట్టాలు అప్పటికే రైల్వే పాసులు రాయించేసుకున్నారు. విజయేమో డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీ ఇంట్లో జ్వరంతో పడుంది. పై పూతలో సిమెంటు కలిపించేశాను. అడిగితే ఒప్పుకోదని తెలుసు, అందుకే అడగలేదు. అదంతా తొందరేనా, లేక చెల్లెలి చదువు మీద నాకున్న కుళ్లా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

గృహప్రవేశం దర్జాగా జరిగింది. చలికాలం వచ్చేసరికి, మెత్తటి సున్నం మీద ఆ గట్టి పూత నిలవక పెచ్చులుగా రాలిపోయింది. బావ చుట్టాలందరి ముందూ విజయని నానా మాటలూ అన్నాడు. అది గోడ దగ్గరికెళ్లింది. ఒక పెచ్చు పట్టుకుని నా దగ్గరికొచ్చింది.

“అన్నయ్యా, నిజం చెప్పు. ఇందులో ఏటైనా కలిపీసావా?”

“నీ మీదొట్టు. ఏటీ కలపలేదు.”

“అయితే నా సున్నం పాళ్ల హిసాబే గలత్ అయ్యుంటాది.”

పెచ్చు సిమెంటు బూడిద రంగు చూసి దానికి అనుమానం వచ్చే ఉంటుంది. అయినా నా ఒట్టు నమ్మింది. ఛీ, ఏం మనిషిని నేను! బావ తిడతాడని భయపడ్డానా? భయమే అయితే తర్వాతైనా చెప్పొచ్చు కదా?

మళ్లీ అది సున్నం ముట్టలేదు. ఇప్పుడు టైల్స్ షోరూములో కూర్చుంటోంది. మొన్న ఒకావిడ సున్నం గోడల గురించి అడిగితే, తను చేసి చూశానని, ఇక్కడి వానలకి అవి నిలవవని విజయే చెప్పి పంపేసింది. పక్కనే టీ తాగుతున్నాను. తాగేసి లేచొచ్చేశాను.

ఆ నీళ్లలో ఏ దోషమూ లేదు. దాని లెక్కలోనూ లేదు. ఇది రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది, నాకు. విజయకి ఇంకా చెప్పలేదు.