గుమ్మం బయట విప్పిన తోలు కోటు

మొన్న తాడేపల్లిగూడెం స్టేషను బయట, వాన వెలిసేదాకా టీ కొట్టు చూరు కింద నిలబడ్డాను. పక్కన ఎవరో కుర్రవాడు మోటారు సైకిలు దిగి, తడిసిన తోలు కోటు విప్పి దులిపాడు. ఆ వాసన ముక్కుకు తగలగానే డాక్టరు విశ్వనాథం గారు గుర్తొచ్చారు. వెంటనే కోపం కూడా వచ్చింది. అంతటి మనిషిని తలుచుకుంటే కన్నీళ్లు రావాలి గానీ కోపం రావడమేమిటని మీరనవచ్చు. నేను ఆయన దగ్గర కాంపౌండరుగా పనిచేసినవాణ్ణి, జరిగిందంతా కళ్లారా చూసినవాణ్ణి. నాకు కోపమే వస్తుంది.

అప్పట్లో, పంతొమ్మిది వందల ముప్పైలలో, ఏలూరులో ఆయనకు చిన్న ఆసుపత్రి ఉండేది. మంచం దిగలేనివాడు బండెక్కి ఎలా వస్తాడని, తనే ఊళ్లు తిరగడానికి మోటారు సైకిలు కొన్నారు. వెనక సీటు మీద మందుల పెట్టె ఒళ్లో పెట్టుకుని నేను. ఒకసారి వట్లూరు దాటాక కంకర రోడ్డు మీద బండి జారి ఇద్దరం పడ్డాం. మోకాళ్లూ మోచేతులూ చెక్కుకుపోయాయి. గాయాలు కడుక్కుంటూ ఆయన అన్నారు: "వైద్యుడే కుంటుకుంటూ వెళ్తే రోగికి ధైర్యం ఏం చెబుతాడయ్యా? మనం ఈ బట్టలతో తిరగకూడదు."

మనిషి అన్నాడంటే చేస్తాడు. బజారు నుంచి మందపాటి ఖాకీ గుడ్డ, పడవల తెరచాప గుడ్డ, తోలు, మూడూ తెప్పించారు. ఒక్కొక్కటీ ఇటుకరాయికి చుట్టి, తాడుతో మోటారు సైకిలు వెనక కట్టి, అదే కంకర రోడ్డు మీద ఈడ్చుకెళ్లారు. దారిన పోయేవాళ్లు ఆగి, పాపం డాక్టరు గారికి ఎండదెబ్బ తగిలిందనుకున్నారు. ఖాకీ పీలికలైపోయింది. తెరచాప గుడ్డకు మూలల్లో చిల్లులు పడ్డాయి. తోలు మాత్రం గీతలతో బయటపడింది.

"ఎండాకాలం ఉడికిపోతారండీ," అన్నాను.

"చెమట పడితే తుడుచుకుంటాం. చర్మం ఊడితే ఏం చేస్తాం?"

దర్జీ తన సూది విరుగుతుందని తోలు ముట్టనన్నాడు. చివరికి జట్కా గుర్రాలకు జీనులు కుట్టే మస్తాన్ గారు ఒప్పుకున్నారు. "నాకు గుర్రం కొలతలే తెలుసండి. మీ చేతులు ముందుకాళ్లనుకుని కుట్టేస్తాను, ఏమీ అనుకోకండి," అన్నాడాయన. డాక్టరు గారిని బండి మీదే కూర్చోబెట్టి, హాండిలు పట్టుకున్న భంగిమలోనే కొలతలు తీశాడు. కోటుకు మోచేతుల దగ్గర, పంట్లానికి మోకాళ్ల దగ్గర రెండు పొరలు వేసి, పంట్లాం తొడల మీద పట్టీలూ బకిల్సూ పెట్టాడు. తొడుక్కుని నిలబడితే మనిషి కొంచెం ఎలుగుబంటిలా ఉండేవారు. ఆ మాట ఆయన ఎదురుగానే అంటే పడీ పడీ నవ్వారు.

కొల్లేటికోట వెళ్లినప్పుడు ఎవరికీ ఆ తోలుతో పేచీ రాలేదు. గట్టు దగ్గర బండి ఆపి, దోనె ఎక్కి, తడిసి ముద్దయి దిగితే, చేపలవాళ్ల ఇంటి ముసలమ్మ ఎదురొచ్చి, "బాబుగారూ, ఆ కోటు ఇలా ఇవ్వండి, పొయ్యి దగ్గర ఆరేస్తాను," అని చేతులు చాచి అందుకుంది. వచ్చిన చిక్కల్లా పెంటపాడు వైపు ఒక ఊళ్లోని పెద్ద రైతు ఇంట్లో. ఆయన పేరు రాయను. ఆ పాటి గౌరవం కూడా నా చేత్తో ఇవ్వలేను.

మొదటిసారి వెళ్లినప్పుడే ఆయన అరుగు దిగి వచ్చి, రెండు చేతులూ జోడించి అన్నాడు: "డాక్టరు గారండీ, మీరు దేవుడిలాంటివారు. తోలు మాత్రం మా ఇంట గుమ్మం దాటదండి. బయటే విప్పుకుని, కాళ్లు కడుక్కుని రండి." ఆయన కాళ్లకున్న కిర్రు చెప్పులు దేనివి? సాయంత్రం ఆయన ఇంట్లో భజనకు మోగే మృదంగం మూతికి బిగించింది అరటాకా? ఈ ప్రశ్నలు నా నాలుక చివరిదాకా వచ్చాయి. డాక్టరు గారు నావైపు చూసి తల అడ్డంగా ఊపారు. వీధిలో నిలబడి బకిల్సు ఒక్కొక్కటే విప్పుకుని, లోపల కట్టుకున్న పంచెతో ఇంట్లోకి వెళ్లారు. వెళ్లిన ప్రతిసారీ అదే తంతు.

ఒక మధ్యాహ్నం ఆ ఇంటి పాలేరు రైలు దిగి రొప్పుకుంటూ వచ్చాడు. ఇంటి కోడలికి కాన్పు కష్టమైంది, బిడ్డ అడ్డం తిరిగింది. "తోలు లేకుండా రమ్మన్నారండి," అని కూడా చెప్పాడు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు కూడా ఆ మాట చెప్పి పంపడం మరిచిపోలేదు మహానుభావుడు! డాక్టరు గారు చేతిలోకి తీసుకున్న కోటు మళ్లీ మేకుకు తగిలించారు. "గుమ్మం దగ్గర ఇవన్నీ విప్పేలోగా ఆ పిల్ల ప్రాణం పోతుంది. పద," అన్నారు.

అవి మినుములు ఇంటికి చేరే రోజులు. బండ్లు తొక్కితే గింజ రాలుతుందని రైతులు పీకిన మొక్కలు రోడ్డుకు అడ్డంగా పరుస్తారు. ఊరి మలుపులో వాటి మీద చక్రం జారింది. నేను పక్కనున్న గడ్డిలో పడ్డాను. ఆయన కుడి మోచెయ్యి కంకర మీద ఈడ్చుకుపోయి ఎముక కనబడింది. అక్కడే కట్టు కట్టాను. ఆయన నడిచి ఆ ఇంటికి వెళ్లి, ఎడమచేత్తో, మంత్రసాని సాయంతో తల్లినీ బిడ్డనూ దక్కించారు. పెద్దాయన కళ్లనీళ్లు పెట్టుకుని, "మీ రుణం ఏ జన్మకు తీర్చుకోమండీ," అన్నాడు.

ఆ మోచెయ్యి మళ్లీ వంగలేదు. కాన్పు కష్టమైతే కత్తి పట్టే చెయ్యి అది. ఆ తర్వాత అలాంటి ఆడవాళ్లను ఎడ్లబండిలో పెద్దాసుపత్రికి పంపేవాళ్లం. అందరూ చేరలేదు. ఇది ఏ ఆచారం ఖాతాలో రాయాలో ఆ పెద్దమనిషిని అడగాలని ఇప్పటికీ నాకుంది.

బండి నడపడం నా వంతైంది. నాకూ తోలు కోటు కుట్టించేదాకా ఆయన నన్ను హాండిలు ముట్టనివ్వలేదు. కొన్నాళ్లకు ఆ ఇంటి నుంచే మళ్లీ కబురు, పసిబిడ్డకు జ్వరమని. వెళ్లాం. పెద్దాయన ఎదురొచ్చాడు, చేతులు జోడించాడు, "ఎప్పటిలాగే, కాస్త బయటే..." అన్నాడు.

"నా చెయ్యి వంగదండీ. నా అంతట నేను విప్పుకోలేను," అన్నారు డాక్టరు గారు మెల్లగా.

పెద్దాయన నావైపు తిరిగాడు. "మీరున్నారు కదండీ, విప్పండి."

"నేను విప్పనండి," అన్నాను. "కావాలంటే మీరు పట్టుకుని లాగండి."

ఆయన చేతులు జోడించినవి జోడించినట్టే ఉండిపోయాయి. డాక్టరు గారు ఈసారి తల అడ్డంగా ఊపలేదు. లోపల్నుంచి కోడలు బిడ్డను భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చింది. మామగారి ఎదుట గొంతు పైకెత్తని పిల్ల, "మావయ్యగారూ, కాస్త దారివ్వండి. డాక్టరు గారిని లోపలికి రానివ్వండి," అంది.

ఆయన తప్పుకున్నాడు. డాక్టరు గారు ఒక కాలితో రెండో కాలి బూటు నొక్కి విప్పి, ఆ రెండూ గోడవారగా పెట్టి, తోలు కోటుతోనే లోపలికి వెళ్లారు.

ఓర్పు ఎలా ఉంటుందో ఆయన దగ్గర చాలా చూశాను, నాకు అబ్బలేదు. అబ్బింది ఒక్కటే. మనిషి ఒంటిని కాచే దాన్ని ఎవరి మర్యాద కోసమైనా తీసెయ్యమంటే, నేను తియ్యను, తియ్యనివ్వను.