స్టార్ట్ చేసినవాళ్ళదే రికార్డు

నిన్న గ్యారేజ్‌లో పాత చెక్కపూసల సీట్ కవర్ దొరికింది. ఎనభైల్లో అమెరికాలో మన తెలుగువాళ్ళందరి కార్లలోనూ ఉండేది, గుర్తుందా? మా ఇంట్లో దాని మీద ఎక్కువగా కూర్చున్నది అమ్మే.

వర్జీనియా నుంచి పిట్స్‌బర్గ్ గుడికి బయలుదేరాలంటే నాన్న పంచాంగం చూసేవారు. వర్జ్యం రాకముందే కారు తీసి, వీధి చివరిదాకా నడిపి ఆపేవారు. అక్కణ్ణుంచి గుడిదాకా అమ్మే డ్రైవ్ చేసేది, నాన్న పక్కన నిద్రపోయేవారు. గుడి దగ్గర అంకుల్స్ అడిగితే మాత్రం, "ఆఁ, నేనే డ్రైవ్ చేశానండీ" అనేవారు.

నేను గొణిగితే అమ్మ నవ్వేది. ఆదివారాలు టీవీలో స్టాక్ కార్ రేసులు చూసే మనిషి. "రేస్‌లో కూడా అంతేరా. దెబ్బ తగిలిన డ్రైవర్ స్టార్ట్ చేసి, మధ్యలో ఇంకొకడికి స్టీరింగ్ ఇచ్చినా, గెలుపు స్టార్ట్ చేసినవాడి లెక్కలోకే పోతుంది."

ఈ ఉదయం ముగ్గురం అదే గుడికి బయలుదేరాం. మోకాళ్ళ నొప్పులతో అమ్మ డ్రైవింగ్ మానేసి చాలా కాలమైంది. అయినా నా చేతిలో తాళాలు లాక్కుని, రాత్రి నేను సీటుకి తొడిగిన ఆ పూసల కవర్ మీద కూర్చుని, వీధి చివరిదాకా నడిపి దిగింది.

"ఇక నువ్వు పోనీయ్. ఎవరైనా అడిగితే నేనే డ్రైవ్ చేశానని చెప్తా."

వెనక సీట్లో నాన్న గబగబా కళ్ళు మూసుకుని నిద్రపోతున్నట్టు నటించారు.