తెర మీద కోసిన కాయలు

నాగాయలంకలో చర్చి సంఘం జీపు తోలే ఎలీషాకి పక్షవాతం వచ్చింది. పడిపోయింది ఎడమ చెయ్యి, అంటే గేరు వేసే చెయ్యి. భార్య కృపాకుమారి అతన్ని వారం వారం బందరు తీసుకెళ్లేది. అక్కడ ఫిజియోథెరపీ గదిలో కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, చేతికి వైర్ల గ్లవుజు తొడిగేవారు. చెయ్యి కదిపితే తెర మీద బొమ్మ చెయ్యి లేచి మామిడికాయలు కోసేది. వర్చువల్ రియాలిటీ అన్నారు దాన్ని. రెండువేల ఐదులో దివిసీమకి ఆ మాట కొత్త. అద్భుతమన్న మాట మాత్రం పాతదే.

ఆ గది చూసుకునే హర్షిణి ఒకరోజు కృపని బయటికి పిలిచింది. "వేలెడు కదిలితే తెర మీద జానెడు కదిలేలా పెట్టామండీ. ఉత్సాహం రావాలి కదా! పోను పోను తగ్గిస్తాం. ఆయనతో అనకండి."

కృప అనలేదు. రోగిని సంతోషపెట్టడం పుణ్యమని అందరూ అంటారు. ఆ పుణ్యం తర్వాత ఎవరి నెత్తిన పడుతుందో ఎవరూ చెప్పరు.

ఆదివారం ఎలీషా చర్చిలో లేచి సాక్ష్యం చెప్పాడు. "దేవుడు నా చెయ్యి నాకిచ్చాడు. నా కళ్లతో చూశాను. కాయలు కోశాను!" చర్చంతా స్తోత్రాలే. పాస్టరుగారు అక్కడికక్కడే ప్రకటించేశారు: గుడివాడలో స్త్రీల కూటానికి జీపు ఎలీషాయే తోలతాడని.

బయల్దేరే పొద్దున ముసురు పట్టింది. కాలవగట్టు రోడ్డు బురదబురదగా ఉంది. ఆడవాళ్లు జీపులో ఇరుక్కుని కూర్చున్నారు. కృప ఎలీషా దగ్గరకెళ్లి గొంతు తగ్గించింది.

"ఏవయ్యా, దిగు. ఆ తెర ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపిచ్చుద్దంట. ఆ అమ్మాయే చెప్పింది."

"తెలుసులేవే. ఇంట్లో మంచినీళ్ల గ్లాసు ఎత్తలేనోణ్ణి, నాకు తెలీదా?"

"మరి చర్చిలో అట్టా చెప్పావేం?"

"చెప్పేటప్పుడు నిజమే అనిపించింది. అంతమంది స్తోత్రం చెప్పాక, ఇప్పుడు దిగి ఏం మొహం పెట్టుకోను?"

కృప వెనక్కి తిరిగి గట్టిగానే అంది. "దిగండమ్మా. ఈయన చెయ్యి ఇంకా రాలేదు. గేరు మార్చలేడు."

పెద్దావిడ సీతమ్మ నవ్వేసింది. "కట్టుకున్నదే నమ్మకపోతే ఇంకెవరు నమ్ముతారే? అపనమ్మకం మాటలాపి ఎక్కు!"

అందరూ నవ్వారు. ఎవరో పాట అందుకున్నారు. ఒక్కరూ దిగలేదు.

కృప ముందు సీట్లో ఎక్కింది. ఎలీషా ఎడమ చెయ్యి గేరు రాడ్డు మీద పెట్టాడు. వేళ్లు మూసుకోలేదు. స్టీరింగు వదిలేసి కుడిచేత్తో గేరు వేశాడు. జీపు కదిలింది. రెండో గేరుకి మళ్లీ వదిలాడు. ముందు చక్రం గట్టు అంచుకి జారింది. కృప స్టీరింగు పట్టుకుని రోడ్డు వైపు లాగింది.

వెనక పాట ఆగలేదు. ఎదురుగా కాలవ మలుపు తిరుగుతోంది. అక్కడ గేరు తగ్గించాలి.