రోజూ పొడిచే సూది

రెండువేల దశకంలో నేను ఓ మందుల కంపెనీలో పనిచేసేవాణ్ణి. ఒకసారి తాడేపల్లిగూడెంలో ప్యాసింజరెక్కాను. పూళ్ల దాటాక, ఎదుట కూర్చున్న బురఖా పెద్దావిడ ఐసుడబ్బా తెరిచి ఇంజెక్షన్ పెట్టె చూసుకున్నారు. అది కేన్సర్‌కిచ్చే పెప్టైడ్ మందు, అంటే ప్రొటీన్ తునకలాంటిది, మా పోటీ కంపెనీది. వాళ్లు ముందే మార్కెట్లోకి వచ్చేశారని మావాళ్లు అలాంటి మందుపై పని ఆపేయబోతున్న రోజులవి.

"బాగా పనిచేస్తోందాండీ?" అని అసూయగానే అడిగాను.

"చేస్తోందండీ. కానీ మావారికి రోజూ నేనే పొడవాలి. నేనెక్కడ ఏడుస్తానోనని, సూది దిగేటప్పుడల్లా ఆయన నవ్వుతారండీ," అన్నారు, తనూ నవ్వబోతూ.

ఏలూరులో ఆవిడ దిగిపోయారు. తిరిగి వెళ్లగానే, నెలకొక్కసారి పొడిస్తే సరిపోయే మందు చేద్దామని మా మేనేజరు దగ్గర పట్టుబట్టాను. అది బయటికి రావడానికి ఏళ్లు పట్టింది. అమ్మకాల్లో ఇప్పటికీ మాది రెండోస్థానమే. ఎందుకో, ఓడిపోయామని నాకెప్పుడూ అనిపించలేదు.