పార్కులో మరిడమ్మ నెత్తళ్ళు

చాపంత ఖాళీ నేల కనిపిస్తే చాలు, మొగపేట మరిడమ్మ చేతులు ఊరుకోవు. గంప దించి, వేలెడంత చేపలు, నెత్తళ్ళు ఎండబెట్టేస్తుంది. అది గుడి అరుగో, బడి మెట్లో, పెళ్ళివారి కారు కప్పో ఆవిడకు పట్టదు. సముద్రంలో కలిసేచోట ఏరు దాటించే లాంచీ నడిచినన్నాళ్ళూ దాని పైకప్పు ఆవిడదే. అవతలి ఒడ్డున దిగినవాళ్ళు ఏ ఊరినుంచి వచ్చారో చుట్టాలు బట్టల వాసనను బట్టే చెప్పేసేవారు.

వంతెన వచ్చింది, లాంచీ ఆగిపోయింది. రేవును ప్రభుత్వం పార్కుగా మార్చి నున్నటి పలకలు పరిపించింది. లాంచీ పోయిందని ఊరంతా దిగులుపడుతుంటే మరిడమ్మ ఆ పలకలు చూసి మురిసిపోయింది. ఇన్నాళ్ళకు సర్కారు తన కష్టం గుర్తించిందనుకుంది.

పార్కు కాపలాదారు తిరుమలరావుది ఆమదాలవలస వైపు వరి పండించే కుటుంబం. చేపల వాసన అతనికి గిట్టదు. అతను తూర్పున ఎత్తిస్తే ఆవిడ పడమట పరిచేది. చేపలు ఆరబెట్టరాదని బోర్డు పెడితే, దాన్ని పడుకోబెట్టి దానిమీద కూడా ఆరబెట్టింది. చివరికి వారంగా పాత లాంచీ మెట్లమీద పాతుకుపోయింది. తిండి వస్తువును తొక్కలేక జనం చుట్టూ తిరిగి పోతున్నారు.

ఇంతలో పెద్దాఫీసరు తనిఖీకి వస్తున్నాడని కబురు. ఒక్క చేప కనిపించినా ఉద్యోగం ఊడుతుందని అతన్ని పనిలో పెట్టిన పార్కు కాంట్రాక్టరు చెప్పేశాడు. ఇంటి దగ్గర చంటిపిల్ల ఉన్న తిరుమలరావు మరిడమ్మ దగ్గరికి పరుగెత్తాడు.

"నీకు దండమెడతానప్పా, ఈ ఒక్కపూట తీసీయి," అని బతిమాలాడు.

"తీస్తే నీకే నట్టంరా," అంది మరిడమ్మ.

బెదిరిస్తోందనుకుని అతనే రెండు చేతులా ఎత్తి గంపలో పోశాడు.

ఆఫీసరు వచ్చాడు. సముద్రాన్ని మెచ్చుకుంటూ మెట్లమీద కాలు పెట్టాడు. సర్రున జారి, కూర్చున్నపళంగా కిందిదాకా దిగిపోయాడు. అలల తుంపరకు ఆ పలకలన్నీ పాచి పట్టి ఉన్నాయి. దెబ్బ తగల్లేదు గానీ తెల్ల ప్యాంటు ఆకుపచ్చ అయింది. ఇక్కడ కాపలా ఎవరని గర్జించాడు. 

"ఈడే బాబూ," అంది మరిడమ్మ ముందుకొచ్చి తిరుమలరావును చూపిస్తూ. "ముసిల్ది లచ్చనమ్మ ఇక్కడే జారిపడిందని ఈడే సెప్పినాడు. అడ్డం కట్టడానికి తాడైనా నేదు. అందుకే నన్ను సేపలెయ్యమన్నాడు. తమరొస్తన్నారని ఇయ్యాల కంట్రాకటరు ఎత్తించీసినాడు."

ఆ లక్ష్మణమ్మ ఎవరో కూడా తిరుమలరావుకు తెలియదు. ఆఫీసరు కాంట్రాక్టరును నిలబెట్టి దులిపేశాడు. పలకలు మార్చేదాకా చేపలు అక్కడే ఉండాలని ఆజ్ఞాపించి వెళ్ళాడు.

అప్పుడు చూశాడు తిరుమలరావు. ఆ మెట్లమీద లాంచీ పాత టికెట్ గది నీడ మధ్యాహ్నం దాకా కదలదు. ఎండకోసం పడిచచ్చే మనిషి వారంగా నీడలో చేపలు పరుస్తోంది. అతనికి సిగ్గూ నవ్వూ కలిసి వచ్చాయి.

"నాకు ముందే సెప్పొచ్చు గదప్పా," అన్నాడు.

"సెప్తే ఇంకో బోర్డెడతావు," అంటూ మరిడమ్మ గంప బోర్లించింది. "కబుర్లాపి ఆ కాకుల్ని తోలు."

డ్యూటీ బూట్లు విప్పి పక్కన పెట్టి, తిరుమలరావు పొద్దుగూకేదాకా కాకుల్ని తోలాడు.